ఒక్క తీగ మీద ఓపెరా

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో రూఫస్ అన్నదీ నాదీ పక్కపక్క ఫ్లాట్లు. బాల్కనీల మధ్య ఒక పలచటి అడ్డు మాత్రమే. ఆయనది కాకినాడ. చర్చిలో గిటార్ వాయిస్తూ పెరిగాడు. ఇక్కడ వీడియో కాల్ సాఫ్ట్‌వేర్లు టెస్ట్ చేసే ఉద్యోగం. ఖాళీ దొరికితే పాశ్చాత్యుల సంగీత నాటకాల, అదే ఓపెరాల, పాటలను ఒక్క గిటార్ మీద పలికేలా మలుచుకుంటూ కూర్చునేవాడు. ఓపెరా అంటే మెట్ల మీంచి పడుతూ అరవడమే కదా అని నేను మొహం మీదే అనేవాణ్ణి.

"నీకేం తెలుసయ్యా శశీ," అనేవాడు. "రికార్డులు లేని రోజుల్లో టికెట్ కొనలేనోళ్లు ఓపెరా ఎలా విన్నారనుకుంటన్నావ్? గిటార్ వాళ్లే ఆరు తీగల మీదకి దింపి ఇళ్లకి తెచ్చారు. బొటనవేలు బేస్, అంటే కింది మంద్రస్వరాలు, మధ్య వేళ్లు వయొలిన్లు, ఉంగరపు వేలు పాడే మనిషి."

ఆయన భార్య లిండా వదిన ఇక్కడి తెలుగు ప్రార్థన కూడికలో పాడేది. అక్కడ గిటార్ ఆగితే జనం రాగం తప్పుతారని రూఫస్ అన్న చెయ్యి ఎప్పుడూ ఆపేవాడు కాదు. ఆ అలవాటే ఓపెరాలోకీ వచ్చింది. లాక్‌డౌన్‌లో ఓపెరా హాళ్లు మూతపడి, ప్రార్థనల్లో పాడటం కూడా ఆగిపోయాక, వదినకు ఇష్టమైన వీడ్కోలు పాట ఒకటి పట్టుకున్నాడు. నెలల తరబడి దాంట్లో సందు కనిపించినచోటల్లా స్వరాలు కూరాడు.

ఆ డిసెంబరులో ఇద్దరికీ కరోనా వచ్చింది. వదినను ఆస్పత్రిలో చేర్చారు. అన్న ఇంట్లోనే క్వారంటైన్, గొంతు పూర్తిగా పోయింది. నేను బాల్కనీలోంచి చారు గిన్నె అందించేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి అన్నకు వీడియో కాల్ వచ్చింది. వదిన గాభరాపడి ఆక్సిజన్ మాస్క్ లాగేస్తోందని నర్సు చెప్పింది. సాయంత్రం డాక్టర్ వచ్చేసరికి ఆక్సిజన్ పెరగకపోతే గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టక తప్పదంది. "మాట్లాడండి, మీ గొంతు వింటే కుదుటపడుతుందేమో." అన్న నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. గబగబా గిటార్ అందుకున్నాడు. చలిలో బాల్కనీ తలుపు తీసి ఉంది, నాకన్నీ వినపడుతున్నాయి. అంత బాగా వాయించడం నేనెప్పుడూ వినలేదు.

"చేతులు కదులుతున్నాయి, చప్పుడేమీ రావడం లేదు," అంది నర్సు. "ఆమె మళ్లీ మాస్క్ లాగుతోంది."

అన్న అదే కాల్ లింకు నా ఫోన్‌కు పంపాడు. ఏం వినపడుతుందో చెప్పమని సైగ చేశాడు. నేను లోపలికెళ్లి తలుపేసుకుని చెవికి పెట్టుకున్నాను. అక్కడక్కడ ఒక టిక్కు, మిగతాదంతా నిశ్శబ్దం. బయటికొచ్చి, "ఏం వస్తలేదన్నా," అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "ఫిల్టరు," అన్నాడు గుసగుసగా. "మనిషి గొంతు కానిదల్లా చెత్తని తీసేస్తది. ఇలాంటివే నేను టెస్ట్ చేసి పాస్ చేస్తా." ఆ యాప్‌లో దాన్ని ఆపే మీట లేదు.

బేస్ వదిలేసి వాయించాడు. లోపలికీ బయటికీ పరుగెత్తుతూ, "ముక్కలు ముక్కలొస్తుందన్నా," అన్నాను. వయొలిన్లూ వదిలేశాడు. పైతీగ ఒక్కటే మిగిలింది. "వస్తుంది, వస్తుంది... మళ్ల పోయింది!"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఎందుకన్నా అట్ల గుక్క తిప్పకుండ కొడతవ్? జర ఆగు!"

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆగకుండా మోగేదాన్ని ఫిల్టరు ఫ్యాన్ చప్పుడు అనుకుంటుంది. పాడే మనిషైతే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఆ సంగతి ఆయనకు నాకన్నా ముందు తెలియాలి. కానీ ఆ చేతులకు ఆగడం ఎవరూ నేర్పలేదు.

మళ్లీ మొదలుపెట్టాడు. ఒక పాదం పలికి ఆగాడు. ఆగినంతసేపూ ఆయన వేళ్లను పిడికిట్లో బిగించి పట్టుకోవడం నాకు అడ్డు సందులోంచి కనిపించింది. ఆ ఖాళీలో ఫోన్‌లోంచి వదిన ఊపిరి వినిపించింది, బుసబుసమంటూ. మళ్లీ ఒక పాదం. మళ్లీ ఊపిరి. ఈసారి కొంచెం పొడుగ్గా.

"మాస్క్ వదిలేసింది, ఇప్పుడు లాగడం లేదు," అంది నర్సు. "ఆపకండి."

ఆయన ఆపలేదు. వేలి కొన పగిలి తీగ ఎర్రబడినా అదే పాట తిప్పి తిప్పి వాయించాడు. నేను ఫోన్ పట్టుకుని చలిలో అలాగే నిలబడ్డాను. సాయంత్రం డాక్టర్ వచ్చి చూసి, గొట్టం ఇప్పుడే వద్దు, రేపు చూద్దాం అన్నాడు. ఆ రేపు కూడా వేయలేదు.

వదినకు మాట వచ్చిన రోజు మొదటి ఫోన్ అన్నకే చేసింది. అది అవ్వగానే ఆయన బాల్కనీలోకి వచ్చాడు.

"ఏమన్నదన్నా?"

"ఆ మధ్యాహ్నం పక్క బెడ్డులో ఒకావిడ తనకిష్టమైన ఆ వీడ్కోలు పాటే పాడిందంట. ఆవిడతో పాటే ఊపిరి తీసుకున్నానంది. ఆవిడ ఇంటికెళ్లిందా లేదా కనుక్కోమంటంది."

అని, అడ్డుకు తల ఆనించి ఏడ్చాడు. ఇవతల నేనూ ఏడ్చాను.