పాత కత్తులకు రాసివ్వని జవాబు

2018, అసెంబ్లీ ఎన్నికలకు కొన్ని నెలల ముందు. నేనప్పుడు ఒక జిల్లా ఆఫీసులో ఆర్మ్స్ సెక్షన్ సీనియర్ అసిస్టెంట్‌ని. తుపాకీ లైసెన్సులు, వాటి రెన్యువల్ మా పని. కత్తుల గురించి అడిగేవాళ్లు అరుదు.

దేవదానం గారు అడిగారు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో ఫిట్టర్‌గా చేసిన మనిషి. మిల్లు మూతపడ్డాక పాత ఇనుము దుకాణాలు తిరిగి, కరిగించడానికి పోతున్న ఏడు పాత ఖడ్గాలు ఒరలతో సహా కొన్నారు. తుప్పు గీకి, నూనె రాసి గోడకు పెట్టుకున్నారు. వీటికి లైసెన్స్ కావాలా అని దరఖాస్తు తెచ్చారు.

"పాతకాలపువి కదా, అక్కర్లేదు లెండి," అన్నాను.

"గదే ముక్క కాయితం మీద రాసియ్యుండ్రి మేడం."

దాన్ని ఎండార్స్‌మెంట్ అంటాం, అంటే దరఖాస్తుకు ఆఫీసు రాతలో ఇచ్చే జవాబు. దానికి ఫైలు పెట్టాలి. పొడవైన కత్తులకు ఒక రూలు, పురాతన వస్తువులకు ఇంకో రూలు. పైవాళ్లు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. దరఖాస్తు ఆయన చేతికే తిరిగిచ్చి పంపేశాను.

ఎన్నికల కోడ్ వచ్చాక ఆ గోడ ఫోటో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. పోలీసులు కత్తులతో పాటు ఆయన్నీ పట్టుకుపోయారు. ఎస్సై నాకు ఫోన్ చేశాడు.

"లైసెన్స్ అక్కర్లేదని మీరే చెప్పిండ్రంటుండు మేడం."

"మా ఆఫీసు నుంచి అలాంటిదేమీ ఇవ్వలేదు," అన్నాను. కాగితం ఇవ్వలేదన్నది నిజమే.

ఆయన పన్నెండు రోజులు జైల్లో ఉన్నారు. కేసు మూడేళ్లు నడిచింది. అవి పురాతన వస్తువులేనని చివరికి కోర్టు కేసు కొట్టేసింది. అన్నేళ్లూ కత్తులు స్టేషన్ మాల్‌ఖానాలో, అంటే పట్టుబడిన సామాను పెట్టే గదిలో, కారే కప్పు కింద వానకు తడుస్తూ ఉన్నాయి. తుప్పుకు ఒరలోంచి ఒక్కటీ బయటికి రాలేదు.

దేవదానం గారు మళ్లీ మా ఆఫీసుకు వచ్చారు. బాగా చిక్కిపోయారు.

"ఇగ ఇంట్ల పెట్టుకోను మేడం. మ్యూజియానికి ఇయ్యాల్నంటే ఎవరికి రాయాలె?"

అర్జీ నేనే రాసిపెట్టాను. ఆయన సంతకం చేస్తుంటే ఉండబట్టలేక, "ఆ రోజు ఫోన్‌లో నేను..." అన్నాను.

"ఎరికే. ఎస్సై స్పీకర్ల పెట్టిండు. నేను ఆడ్నే ఉన్న."

ఆ గొంతులో కోపం లేదు. నన్ను తిట్టినా బాగుండేది. కత్తులు బాగా పాడైపోయాయని మ్యూజియం వాళ్లు వద్దన్నారు. ఆ సంగతి కూడా నేనే ఆయనకు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

రిటైరయ్యేదాకా ఎవరేం అడిగినా రాసే ఇచ్చాను, చీవాట్లు తిన్నా సరే. దేవదానం గారు అడిగిన రోజు కూడా నాకు రూలు తెలుసు. తెలిసిన మాట కింద సంతకం పెట్టడానికే భయపడ్డాను.