రాహుకాలం దాటించిన ప్రార్థన

ఆ రోజుల్లో నన్ను ఒకచోట అరగంట కూర్చోబెట్టగలిగిన మనిషి లేడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేసేదాన్ని. కూర్చుంటే బస్సు నెమ్మదిగా పోతుందని నా అనుమానం. అలాంటి నాకు డిగ్రీ అయిపోగానే దొరికిన పని శాంతి అధ్యయనాలకు సంబంధించింది. (ఆ మాట విని మా అమ్మ నవ్విన నవ్వు మా ఊరు పాల్మాకులలో సగం ఇళ్లకు వినిపించింది.) శంషాబాద్‌లో టిఫిన్ సెంటరు పైన నడిచే ఒక చిన్న కాలేజీ, వేరే రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీతో కలిసి, దూరవిద్యలో శాంతి అధ్యయనాల ఎం.ఏ. పెట్టాలనుకుంది. పాఠాలూ పరీక్షలూ పట్టాలూ వాళ్లవి, గదులూ కుర్చీలూ ఆదివారం క్లాసులూ మావి. ఒప్పందం మీద సంతకాలైతే నేను కోఆర్డినేటర్ని, కాకపోతే ఇంటికి. ఎయిర్‌పోర్టులో పనిచేసే కొందరు, తుక్కుగూడ నుంచి ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు చేరతామని ముందే చెప్పారు. నేనేమో ఆగలేక, ఉద్యోగం వచ్చేసిందని వీధంతా చాటుకున్నాను. ఇక రాకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి?

సంతకం పెట్టాల్సిన యూనివర్సిటీ ప్రొఫెసర్ గారు ప్రత్యేకంగా రారు. వేరే ఊరికి పోతూ, ఇక్కడ విమానం మారే వ్యవధిలో వచ్చి వెళ్తారట. శుక్రవారం పదిన్నరకు వస్తారు, పన్నెండు కొట్టగానే బయల్దేరాలి. నేను ఎగిరి గంతేశాను. కాలేజీ నడిపే మా కరస్పాండెంట్ సారు మాత్రం క్యాలెండర్ ముందు నిలబడి చెమటలు తుడుచుకున్నారు.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం కదమ్మా! ఆ టైములో నేను కరెంటు బిల్లు కూడా కట్టను. అంత పెద్ద ఒప్పందం మీద సంతకం ఎలా పెట్టమంటావు?"

"గట్లయితే ఆయనకే చెప్దాం సార్."

"చెబితే యూనివర్సిటీ వాళ్ల ముందు మన పరువేం కావాలమ్మా?"

సారు గుంటూరు వైపు మనిషి, చిరాకులో కూడా 'అమ్మా' తప్పదు.

అప్పుడు నాకు పెద్దమామ గుర్తొచ్చాడు. అమ్మకు అన్న, మా ఊరి చర్చిలో పాస్టరు. ఆయన ప్రార్థన ఉందంటే ఆడవాళ్లు పొయ్యి ఆర్పేసి మరీ వచ్చేవారు. దేశంతో మొదలుపెట్టి, రాష్ట్రం, మండలం మీదుగా, ఎవరి బర్రె చూడితో ఉందో అక్కడిదాకా వచ్చేవాడు. ఆ మధ్య ఒక పెళ్లిలో, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన సందు చూసి పెళ్లికొడుకు తండ్రి గట్టిగా "ఆమెన్" అన్నాడు. ఆకలి మీదున్న జనమంతా "ఆమెన్" అంటూ లేచి బిర్యానీ వైపు నడిచారు. మామ కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఖాళీ కుర్చీలు. ఆ సంగతి చెప్పుకుని మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం, అదీ ఆయన ముందే.

"సార్, ముందు మా మామతో ప్రార్థన పెట్టిద్దాం. రాహుకాలం అండ్లనే పోతది" అన్నాను.

"మీ మామయ్య గారు పన్నెండు దాకా లాగగలరంటావా?"

"ఎవ్వరు ఆపకపోతే సాయంత్రం దాకా లాగుతడు సార్."

మామకు రాహుకాలం సంగతి చెప్పలేను, చెబితే గడప దాటడు. అందుకని, "మామా, ఎంతసేపైనా చెయ్యి, ఎవ్వరేమనరు" అన్నాను. ఆయన నావైపు అదోలా చూసి, "సరే బిడ్డా" అన్నాడు.

శుక్రవారం ప్రొఫెసర్ గారు వచ్చారు. శాలువా కప్పాం, టీ ఇచ్చాం. మామ లేచి కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ మంచి పనిని దీవించు. ఆమెన్." అంతే, కూర్చున్నాడు! గోడ గడియారం పదకొండు కూడా దాటలేదు. ప్రొఫెసర్ గారు పెన్ను మూత తీశారు. మా సారు చొక్కా జేబులో కనిపిస్తున్న పెన్నును ప్యాంటు జేబుల్లో వెతకడం మొదలుపెట్టారు.

నేను కాలుగాలిన పిల్లిలా మామ దగ్గరికి పరుగెత్తాను. "ఏంది మామా, గింతేనా?"

"నువ్వు గూడ ఎక్కిరిస్తున్నవని నాకెరుకే బిడ్డా. ఎంతసేపైనా చెయ్యమంటివి గదా. పెద్ద ప్రార్థనలు బంద్ పెట్టిన ఇగ."

మేం నవ్విన నవ్వులన్నీ ఆయన లోపల దాచుకున్నాడని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. "ఎక్కిరిస్తలేను మామా! చేరేటోళ్ల కోసం చెయ్యలే, మన ఊరి కోసం చెయ్యలే. నా నౌకరీ కోసమన్న చెయ్యవా?" అని అందరి ముందూ అరిచేశాను.

తన ప్రార్థన చాల్లేదని ఆయనతో అన్న మొదటి మనిషిని నేనే కాబోలు. మామ మళ్లీ లేచాడు. ఈసారి యుద్ధాలు చేసే దేశాలతో మొదలుపెట్టి, రావిర్యాలలో గట్టు తగాదా పడ్డ అన్నదమ్ముల దాకా వచ్చాడు. నెత్తిమీద విమానం పోయినప్పుడల్లా గొంతు పెంచి, "పైలట్లను తొందరపడనియ్యకు తండ్రీ" అన్నాడు. పన్నెండయింది. సారు పెన్ను బయటికి వచ్చింది. మామ మాత్రం అప్పుడే ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లలోకి దిగాడు. ప్రొఫెసర్ గారిని తీసుకుపోవాల్సిన డ్రైవరు గుమ్మంలో తాళాలు ఆడిస్తున్నాడు. ప్రొఫెసర్ గారు ఒక కన్ను తెరిచి వాచీ చూసుకున్నారు.

అప్పుడు మామ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

సారు బల్ల కింద నా కాలు తొక్కారు. "ఆమెన్ అనమ్మా, ఆమెన్!"

నోరు తెరిచాను. పెళ్లిలోని ఆ ఖాళీ కుర్చీలు కళ్లముందు కదిలాయి. నోరు మూసేశాను. ఉద్యోగం మెట్లు దిగి పోతున్నట్టే అనిపిస్తోంది, కాళ్లు నేలమీద నిలవడం లేదు, అయినా పెదవి విప్పలేదు.

"ఆఖరుగ తండ్రీ, ఈ పిల్లకు జర కుదురియ్యి. ఆమెన్."

తర్వాత అందరం మెట్లమీద పరుగే పరుగు. రెండు సంస్థల ఒప్పందం మీద సంతకాలు క్యాబ్ బానెట్ మీద జరిగాయి. తీరా చూస్తే విమానమే ఆలస్యమట, ప్రొఫెసర్ గారు ఎయిర్‌పోర్టులో చాలాసేపు ఊరికే కూర్చున్నారట. "మరి పైలట్లకు జెప్పితి గదా" అన్నాడు మామ, ఆశ్చర్యమేమీ లేకుండా.

ఇప్పుడూ ఆ కోర్సు నేనే చూస్తున్నాను. అందులో అరగంట మౌనం ఒక పాఠం, బ్యాచులకు బ్యాచులు పాసవుతున్నారు, నేను మాత్రం మధ్యలో లేచి ఫ్యాను వేగం సరిచేస్తుంటాను. ఆ రోజు అరిచిన అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. మామకు వయసు మీదపడి, ప్రార్థనలో ఆగే చోట్లు ఎక్కువయ్యాయి. ఆగినప్పుడల్లా ఇంట్లో పిల్లలు నావైపు ఆశగా చూస్తారు. నేను ఆమెన్ అనను. ఆయనే అనేదాకా, బల్ల కింద కాళ్లాడిస్తూ కూర్చుంటాను.