ఆయన పేజీ తెల్లగా వదల్లేదు

మన ఎడిటరు చనిపోయిన కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ప్రతి నెలా నా పేజీల కట్టను కళ్యాణదుర్గం నుంచి అనంతపురం చేర్చేది అతనే. ఆ పొద్దున కట్ట చేతికివ్వబోతే తీసుకోలేదు.

"తీసుకపోయి ఎవురికియ్యల్ల పెద్దాయనా? ఆయప్ప రాత్రి పోయినాడంట."

కట్ట చంకలో పెట్టుకుని నేనే బస్సెక్కాను.

ఈ పత్రికను కొత్తగా చూసేవాళ్లకు దీని పుట్టుక చెప్పాలి. తొంభైల చివర్లో ఊరూరా కంప్యూటరు సెంటర్లు లేస్తున్నాయి. ఆయన అనంతపురంలో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేవాడు. ఆ ప్రెస్సు మూతపడింది. మనిషి ఊరకుండలేదు. యాడికి, నల్లమాడ లాంటి ఊళ్లలో ఎక్కడ కాలుతో తొక్కే ట్రెడిల్ మిషను చప్పుడు వినిపిస్తే అక్కడ దిగాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను వేరుశనగ మండీకి బిల్లు బుక్కులు కొడుతున్నాను. అచ్చు పని చేసేవాళ్ల కోసం పత్రిక పెడుతున్నానన్నాడు.

"ఎవురు సదువుతారన్నా?"

"నువ్వే."

"నాకు సదువు అంతంతే కదా."

"అట్లయితే రాయి" అన్నాడు.

పద్ధతి ఇది. ఒక్కో ప్రెస్సుకు ఒక్కో పేజీ. ఎవరి పేజీ వాళ్లు తమ అక్షరాలతో పేర్చి, తమ మిషను మీదే కొట్టి, కట్ట కట్టి బస్సులో పంపాలి. మొదటి పేజీ ఆయనది, తెలిసినవాళ్ల మిషను మీద కొట్టుకునేవాడు. అన్నీ చేరాక ఆయన భార్య, మా వదిన, సూదీ దారంతో కుట్టేది. ఒక పేజీ నల్లగా, ఇంకో పేజీ బూడిద రంగులో. ఒకరి అక్షరం లావు, ఇంకొకరి అక్షరానికి తలకట్టు విరిగింది. పత్రికా, బొంతా అని నవ్వారు జనం.

"బొంతేనప్పా. సలికి కప్పుకునేది అదే కదా" అన్నాడాయన.

అందులో పెద్ద పెద్ద సంగతులుండేవి కావు. పాత కటింగ్ మిషను ఎక్కడ దొరుకుతుంది, వేళ్లు మిషన్లో పడకుండా కాగితం ఎలా పెట్టాలి, ఇవే. ఎండాకాలం మన ఇంకు రోలర్లు బెల్లం పాకంలా కారిపోతాయి. నీళ్లు ఎండిన బావిలో తాడు కట్టి వేలాడదీస్తే నిలుస్తాయని రాసింది నేనే. ఈ జిల్లాలో మొదట కనిపెట్టింది నేనేనని కూడా రాశాను, అది నిజం. ఆయన చదివి, "రోలర్లు నిలబడినాయి, సాలు. నువ్వు కూడా బావిలో దిగి నిలబడల్లనా?" అన్నాడు.

ఎవరి పేజీ అయినా రాకపోతే ఆ జాగా ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. తెల్లగా వదిలేసి, అడుగున ఆ ప్రెస్సు పేరు మాత్రం చిన్న అక్షరాల్లో వేసేవాడు.

ఒక ఏడు వానలు పూర్తిగా మొండికేశాయి. కాయ లేదు, మండీ లేదు, బిల్లు బుక్కులు లేవు. పెళ్లి పత్రికలు కంప్యూటరుకు పోయాయి. ప్రెస్సుకు తాళం వేసి, నా పేజీ ఇంకెవరికైనా ఇమ్మని ఫోన్లో చెప్పాను. ఆ నెల పత్రికలో నా పేజీ తెల్లగా వచ్చింది. ఆ పై నెలా అంతే. యాడికి ప్రెస్సాయన నాకు అల్లుడి వరస. బస్టాండు టీ కొట్టు దగ్గర పది మందిలో అడిగాడు.

"ఏం మామా, తెల్ల ఇంకుతో కొడతాండావా?"

నేరుగా అనంతపురం పోయాను. ఆయన గుమ్మంలో కూర్చుని బొరుగులు తింటున్నాడు.

"నన్ను నగుబాటు సేస్తాండావా అన్నా? ఆ పేజీ పీకెయ్యి."

"పీకితే నువ్వు పోయినట్టు లెక్క. తెల్లగా ఉంటే యాడికో పోయినాడు, మళ్లీ వస్తాడని. పోయినోడికి జాగా పెట్టను, వచ్చేటోడి జాగా తీయను. నువ్వు ఏ రకమో నువ్వే సెప్పు."

వదిన ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. ఇంటికి కూడా పోకుండా ప్రెస్సు తాళం తీశాను. మిషనుకు నూనె పోసి, అక్షరాలు కిరసనాయిలుతో కడిగాను. వాల్ పోస్టర్లకు వాడే పెద్ద చెక్క అక్షరాలతో 'ఉన్నాను' అని ఒక్క మాట పేజీ నిండా కొట్టి పంపాను. పొగుడుతాడేమో అనుకున్నాను. ఫోన్ చేసి, "ఇంకు ఎక్కువైంది" అని పెట్టేశాడు.

మళ్లీ తాళం వేయలేదు. పని తక్కువే. అయినా నెలకో పేజీ కోసం మిషను ఆడుతుంది.

మొన్న నేను పోయేసరికి ఆయన్ను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. తల ఒక పక్కకు ఒరిగి ఉంది. వదిన నా చంకలో కట్ట చూసి, "ఇట్లియ్యి నాయనా" అని తీసుకుని తల కింద పెట్టింది. తల సరిగ్గా నిలిచింది. ఆ కట్ట ఆయనతోనే కట్టెల మీదికి పోయింది.

అంతా అయ్యాక ప్రెస్సుల వాళ్లం అరుగు మీద కూర్చున్నాం. పత్రిక ఇక ఉంటుందా అని ఎవరూ నోరు తెరిచి అడగలేదు. చివరికి యాడికి అల్లుడే అన్నాడు, "ఆయన పేజీ తెల్లగా వదిలేద్దాం. మర్యాదగా ఉంటాది."

అందరూ తల ఊపారు. నేను ఊపలేదు.

"ఆయన రూలేమి? తెల్లగా ఉంటే మళ్లీ వస్తాడని. ఆయప్ప వస్తాడా?"

గడప లోపలి నుంచి వదినే అంది. "రాడు. ఆయన పేజీ నింపండి. కుట్టేది నేను కుడతా."

నింపే పని నా మీద పడింది. ఆయన జాగాలో మీరు చదువుతున్నది అదే. ఇంకు ఎక్కువైతే చెప్పేవాడు లేడు.

నా పేజీ కట్ట ఆయన తల కింద పోయింది కదా, మళ్లీ కొట్టలేదు. ఈ నెల నా పేజీ తెల్లగా ఉంటుంది. అడుగున ప్రెస్సు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. రూలు మీకు తెలుసు.