శుక్రవారం కుర్చీ ఉన్న ఊరు

జబ్బు మనిషికి ఓర్పు నేర్పుతుందని చెప్పేవాళ్లకు కొదవలేదు. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు, ఎడమచేతికి రెండు సూదులు గుచ్చుకుని కదలకుండా కూర్చునేవాళ్లు మాత్రం ఆ మాట అనగా ఎవరూ వినలేదు. గొలుసుగారికి డయాలిసిస్ మొదలై మూడేళ్లు కావస్తోంది. అంతకుముందు ఆయన దగ్గరున్న కాస్త ఓర్పూ మొదటి నెలలోనే ఖర్చయిపోయింది.

ఆయన భూములు కొలిచే సర్వేయరు. ఇనుపగొలుసు భుజాన వేసుకుని ఉద్యోగంలో చేరారు. ఆ గొలుసులు మూలపడి మూడుకాళ్ల యంత్రాలు వచ్చాక కూడా ఆఫీసువాళ్లు పెట్టిన పేరు మారలేదు. ఇరవై ఆరేళ్లు గట్లమీదా, ఇంకా కట్టని కాలనీల్లోనూ తిరిగి సంపాదించుకున్నది ఒక్కటే: కొలత తప్పని నడక. వంద అంగలు వేస్తే డెబ్భై నాలుగు మీటర్లు. టేపు పెట్టి చూసుకోమని ఇప్పటికీ సవాలు చేస్తారు.

అలాంటి మనిషిని తెచ్చి ఒక కుర్చీకి అప్పగిస్తే కాళ్లు ఊరుకుంటాయా? దుప్పటి కింద ఆయన కాళ్లు ఒక్క నిమిషం నిలవవు. పిక్కల్లో చీమలు బారులు తీరినట్టుంటుంది. ఊపితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. ఈ జబ్బులో అది మామూలేనని డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. డాక్టరుకి మామూలే. కాళ్లు తనవి కావుగా.

డయాలిసిస్ గది ఆసుపత్రి భవనంలో నేలకింది అంతస్తు. ఎనిమిది ఆకుపచ్చ రెక్సిన్ కుర్చీలు, ఎనిమిది యంత్రాలు, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే ట్యూబులైట్లు. కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన గోడకి ఒక సరస్సు పోస్టరు అంటించారు. చుట్టూ కొండలు, నీళ్లమీద ఓ పడవ. ఏ ఊరిదో మాత్రం రాసి లేదు. తగువంతా అక్కడే పుట్టింది.

"అది మెట్ల ఊరి దగ్గరి సరస్సు. నేను చూశాను" అన్నారు గొలుసుగారు రెండేళ్ల కిందట ఓ సోమవారం ఉదయం. కొండవాలుమీద వీధులకు బదులు మెట్లుండే ఊరది. ఇరవై నాలుగేళ్ల వయసులో ట్రైనింగుకి వెళ్లి నెలరోజులున్నారు. "చూడాల్సిన ఊరంటూ ఉంటే అదొక్కటే."

కుడిపక్క కుర్చీలో లారీ అన్న నవ్వాడు. ముప్పై ఏళ్లు లారీ తోలి, ఇప్పుడు స్టీరింగులేని సీటులో కూర్చున్నానని తనమీద తనే జోకులేసుకునే మనిషి.

"మెట్లు చూడ్డానికి ఊరిదాకా ఎందుకు తమ్ముడూ? మా ఇంటి డాబాకి పద్దెనిమిదున్నాయి, వచ్చి చూసి పో. ఊరంటే సముద్రం ఉండాలి. పొద్దున్నే లారీ ఆపి టైర్ల గాలి చూసుకుంటుంటే ఎదురుగా సముద్రం కనబడాలి. అదీ ఊరు."

"మీరు చూసింది ఊరు కాదు, ఊరి బయట పార్కింగు" అన్నారు ఎడమపక్కనుంచి మేడం. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. కుర్చీలో కూర్చున్నా క్లాసులో నిలబడ్డట్టే మాట్లాడతారు. "మ్యూజియాల ఊరు చూడకుండా పోయినవాడు పుట్టి ఏం చేసినట్టు? ఒక్క మ్యూజియానికే మూడు రోజులు పడుతుంది."

"మూడు రోజులా? మధ్యలో డయాలిసిస్ ఎగ్గొట్టి శవాల పెట్టెలు చూసుకోవాలా మేడం? ఆ తర్వాత మనల్నీ ఓ పెట్టెలో పెట్టి టిక్కెట్టు అమ్ముతారు" అన్నాడు లారీ అన్న.

గది మొత్తం నవ్వింది. అప్పట్నుంచి ఆ ముగ్గురికీ సోమ, బుధ, శుక్రవారాలు అదే పని. ఒకరి ఊరిమీద ఒకరు దుమ్మెత్తిపోసుకోవడం. ఒకసారి గొలుసుగారు వేలెత్తి వాదించబోయి సూదులున్న చెయ్యి ఎత్తేశారు. యంత్రం కీచుమని అరిచింది, సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. "ఏ ఊరైనా సరే, చెయ్యి మాత్రం ఈ ఊళ్లోనే ఉంచండి సార్" అని చివాట్లు పెట్టి పోయింది.

అసలు సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఏ ఊరూ పోలేరు. శుక్రవారం మధ్యాహ్నం బయటపడితే సోమవారం ఉదయానికి తిరిగొచ్చి కుర్చీలో వాలాలి. వాళ్లు కొట్టుకునే ఊళ్లన్నీ పోను ఒకరోజు, రాను ఒకరోజు. సవ్యంగా చూసి రావాలంటే ఆ ఊళ్లోనే ఎవరో ఒక పూటకి కుర్చీ ఇవ్వాలి. పరాయి ఊరి రోగికి కుర్చీ దొరకడం పెళ్లిసీజన్లో హాలు దొరకడంలాంటిది.

చలికాలం చివర్లో డాక్టరు గుండె పరీక్ష కాగితం చూసి పెదవి విరిచాడు.

"ఎక్కడికైనా వెళ్లాలని ఉందన్నారు కదా. వెళ్లాలంటే ఈ రెండు నెలల్లో వెళ్లి రండి. వచ్చే ఏడాది అడిగితే వద్దనే అంటాను."

గొలుసుగారు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వరండాలో అటూ ఇటూ తిరిగారు. పదకొండు అంగలు పొడవు, నాలుగు అంగలు వెడల్పు. భార్య వంటింట్లోంచి చూసి చూసి విసుక్కుంది.

"వరండా ఏమన్నా పెరిగిందా అలా కొలుస్తున్నారు?"

ఆయన చెప్పారు. ఆవిడ గరిట పక్కన పెట్టి వరండాలోకి వచ్చింది. "అయితే ఏ ఊరు?" అంది.

అదే చిక్కు. ఒక్కటంటే ఒక్క ప్రయాణం. బుధవారం డయాలిసిస్ అయ్యాక బయలుదేరడం, శుక్రవారం అక్కడ ఒక పూట కుర్చీ, ఆదివారం తిరుగుబండి. రెండో ఊరికి చోటులేదు, తప్పుకి అసలే లేదు.

ఈ వార్త పొక్కేసరికి డయాలిసిస్ గది ఎన్నికల కూడలి అయింది. లారీ అన్న సముద్రం ఒడ్డున ఓ టీకొట్టు ఆనవాళ్లు చెప్పి, అది ఇంకా ఉందో లేదో చూసి రమ్మన్నాడు. మేడం ఇంట్లోంచి పాత మ్యాపు తెచ్చారు. మడతల దగ్గర చిరిగితే తెల్లటేపు అంటించి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ గదిలో ఎంతసేపు నిలబడాలో పెన్సిలుతో అంకెలు వేసి ఉన్నాయి.

"మీ మెట్లకేం గానీ, ముందు ఇది చూడండి. మెట్లెక్కే గుండె కూడా కాదు మీది."

"మ్యూజియంలో మూడు రోజులు నిలబడే కాళ్లూ కావు మేడం నావి."

"కూర్చోడానికి బల్లలుంటాయి. నేను గుర్తుపెట్టాను, చూడండి."

నిజమే. మ్యాపు నిండా బల్లలకు చిన్న చిన్న చుక్కలు పెట్టి ఉన్నాయి. ఎప్పుడో పడుచుతనంలో చూసొచ్చానని చెప్పే మనిషి బల్లలు గుర్తుపెట్టుకుంటుందా అని ఆయనకొక అనుమానం వచ్చింది. 

మంగళవారం ఉదయం ఫోన్లు మొదలుపెట్టారు. ముందు మెట్ల ఊరు. కుర్చీ ఉందిట. గొలుసుగారు లేచి నిలబడ్డారు కూడా. అంతలో అవతలివాడు, "మీరు మెట్లెక్కగలరు కదండీ? మా సెంటరు నూట నలభై మెట్ల పైనుంటుంది" అన్నాడు. ఆయన మెల్లగా కూర్చున్నారు. రోగిని నూట నలభై మెట్లెక్కించి వైద్యం చేసే ఊరిని రెండేళ్లుగా నెత్తిన పెట్టుకుని ఊరేగించారు!

సముద్రం ఊరివాళ్లు వేసవి అయ్యేదాకా ఖాళీల్లేవని ఫోను పెట్టేశారు. ఇక మిగిలింది మ్యూజియాల ఊరు. అక్కడి గుమాస్తా గొంతు మర్యాదగానే ఉంది. ఆసుపత్రి పేరు వినగానే మాత్రం నిట్టూర్చాడు.

"మళ్లీ మీ సెంటరు నుంచేనా? ఆ మేడంగారికి ఆరు నెలలకోసారి చెబుతూనే ఉన్నాం కదండీ, కుర్చీలు లేవని. కిందటి నెల కూడా చేశారు. మొదటిసారి చూడబోతున్నాను, ఎలాగైనా ఇప్పించమన్నారు. మేం మాత్రం ఏం చెయ్యగలం?"

మొదటిసారి!

గొలుసుగారు ఫోను చేతిలో అలాగే పట్టుకుని వరండాలో నలభైసార్లు తిరిగారు. రెండేళ్లుగా ఏ గదిలో ఏ విగ్రహం ఉందో చెప్పి నోరు మూయించిన మనిషి ఆ ఊరి పొలిమేర తొక్కలేదన్నమాట. ఈ ముక్క చాలు, బుధవారం ఆవిణ్ని చిత్తు చెయ్యడానికి. కానీ బుధవారం కుర్చీలో కూర్చుని మేడం వైపు తిరిగేసరికి ఆయన నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"ఆలోచిస్తే మీ ఊరే గొప్పదనిపిస్తోంది మేడం."

మేడం కళ్లజోడు సవరించుకుని చూశారు. "సిస్టర్! ఈయన బీపీ పడిపోయినట్టుంది, ఒకసారి చూడమ్మా."

బీపీ చూడ్డానికి వచ్చిన సిస్టరే దారి చూపించింది. మూడు ఊళ్లలోనూ వీలు కుదరలేదని విని, "సిమెంటు ఊరు వెళ్తారా సార్? మా అక్క అక్కడి సెంటర్లోనే పనిచేస్తుంది. అడిగితే కాదనదు" అంది.

గది గొల్లుమంది. సిమెంటు ఫ్యాక్టరీ తప్ప ఇంకోటి లేని ఊరది. లారీ అన్నకి నవ్వాపుకోవడం కష్టమైంది. "ఆ ఊళ్లో లారీ కడిగినా ఒకటే, కడక్కపోయినా ఒకటే. కాకులు కూడా బూడిదరంగులో ఉంటాయి తమ్ముడూ!"

"చూడ్డానికి ఏముంది అక్కడ?" అన్నారు మేడం.

"కుర్చీ ఉంది" అన్నారు గొలుసుగారు. అని, తన మాటకి తనే ఉలిక్కిపడ్డారు.

తర్వాతి వారం గురువారం ఉదయం భార్యాభర్తలు సిమెంటు ఊళ్లో దిగారు. ఆవిడ లాడ్జి గదిలో కిటికీ చువ్వమీద వేలితో రాసి, వేలు ఆయన కళ్లముందు పెట్టింది.

"ప్రపంచంలో ఇన్ని ఊళ్లుండగా నన్ను పిండిమరలోకి తెచ్చారు."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఇంటికప్పులు, చెట్ల ఆకులు, సైకిలు సీట్లు అన్నీ ఒకే రంగు. గంటగంటకీ మొహం కడుక్కుంటూ ఆవిడ గదిలోనే ఉండిపోయింది. ఆయన మాత్రం వీధిలోకి దిగారు. ఒకటే వీధి. చివరినుంచి చివరిదాకా గీత గీసినట్టు తిన్నగా ఉంది, ఒక్క మెట్టు లేదు. వీధికి పైన తాడుమీద ఇనుపతొట్లు పోతున్నాయి. గనిలోంచి రాయి నింపుకుని ఫ్యాక్టరీకి వెళ్లేవి ఒక వరస, ఖాళీగా తిరిగొచ్చేవి ఒక వరస. జనం తలెత్తి కూడా చూడటం లేదు. ఆయన మెడ నొప్పెట్టేదాకా చూశారు. రొప్పు వచ్చినచోట ఆగుతూ, ఏదో ఒక అరుగుమీద కూర్చుంటూ, మధ్యాహ్నానికి కొలత పూర్తిచేశారు. రెండువేల తొమ్మిది వందల యాభై అంగలు. ఈ మూడేళ్లలో అంత దూరం నడవలేదు. దుమ్ముకి గొంతు ఎండిపోయి, రోజుకి లీటరుకు మించి నీళ్లు తాగకూడదన్న డాక్టరు లెక్క మరిచి, చివరి కొళాయి దగ్గర దోసిళ్లతో తాగేశారు.

శుక్రవారం డయాలిసిస్. సిస్టర్ వాళ్ల అక్క పై అంతస్తులో మూలకుర్చీ ఇచ్చింది. సూదులు గుచ్చి, యంత్రం తిప్పి, ఎండ పడుతుందేమోనని తెర మూయబోయింది.

"వద్దమ్మా, ఉండనీ!" అని ఆయన అరిచినంత పని చేశారు.

నిలువెత్తు కిటికీ. కంటికి ఎదురుగా తొట్లు. నిండుది అటు, ఖాళీది ఇటు. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నిండువి మూడువందల పదిహేడు అయ్యేసరికి ఆ అక్క వచ్చి సూదులు తీసేసింది. అయిపోయిందా అని అడిగారు. దుప్పటి తీసి మడతపెడుతుంటే చూసుకున్నారు: కప్పినప్పుడు ఎలా ఉందో దుప్పటి అలాగే ఉంది. కాళ్లు కదల్లేదు.

సాయంత్రం గదికొచ్చి ఈ మాట భార్యకు చెబితే ఆవిడ చాలాసేపు ఆయన పాదాల వంకే చూసింది. తర్వాత, "అయినా సరే, నేను మాత్రం చచ్చినా మళ్లీ రాను" అని మొహం కడుక్కోడానికి లేచింది.

శనివారం కూడా ఆయన ఆ వీధినీ, ఆ చివరి కొళాయినీ వదల్లేదు. సోమవారం ఉదయం త్రాసెక్కగానే ఆ రహస్యం బట్టబయలైంది. నాలుగు కిలోలు ఎక్కువ.

"ఏం తాగారు సార్ అక్కడ?" సిస్టర్ నడుంమీద చెయ్యి పెట్టుకుంది.

"తాగలేదమ్మా. ఒంటిమీది దుమ్ము బరువు."

"ఇంకో అరకిలో ఎక్కి ఉంటే ఆ దుమ్ములోనే కలిసేవారు. కూర్చోండి!"

ఆయాసం తగ్గాక తీర్పు చెప్పారు. చూడదగ్గ ఊళ్లలో మొదటిది సిమెంటు ఊరు. రెండోది ఇంకా పుట్టలేదు.

"తమ్ముడికి సిమెంటు తలకెక్కింది" అన్నాడు లారీ అన్న. "మరి సముద్రం?"

"తొట్లున్నాయన్నా. రోజంతా నడుస్తూనే ఉంటాయి."

"నేనూ ముప్పై ఏళ్లు నడిపాను. నన్ను చూడ్డానికి ఎవడూ రాలేదే!"

మేడం అయితే కోపంతోనే మొదలెట్టారు. చరిత్ర లేని ఊరు, కళ లేని ఊరు, ఒక్క పాతగోడైనా లేని ఊరు ఊరెలా అవుతుందన్నారు. రుచీ పచీ లేనివాళ్లని ఊళ్లు తిప్పడమంటే గాడిదకి గంధం పూయడమేనన్నారు. గొలుసుగారు గోడవైపు చూపు తిప్పారు. ఆయన కాళ్లు దుప్పటి కింద అప్పుడే మళ్లీ మొదలయ్యాయి. ఎదురుగా సరస్సు బొమ్మ, దానిమీద ఎటూ కదలని పడవ. వచ్చే ఏడాది వద్దంటానని డాక్టరు చెప్పేశాడు. ఇక ఆ పడవతోనే కాపురం.

మూడో గంటలో లారీ అన్న గురకపెట్టాడు. మేడం గొంతు తగ్గించారు.

"ఆ కుర్చీకి కిటికీ ఎంత దూరం?"

"రెండంగలు. మీటర్లలో చెప్పమంటారా?"

"అక్కర్లేదు." దుప్పటి సర్దుకుని, "పరాయి ఊరివాళ్లమంటే విసుక్కున్నారా?"

"ఎన్నింటికి వస్తారని అడిగారు, అంతే."

మేడం కుడిచేత్తో సంచిలోంచి మ్యాపు తీసి, మడత విప్పకుండా ఒళ్లో పెట్టుకున్నారు. పెన్సిలు కూడా తీశారు.

"నంబరు చెప్పండి. వెళ్తానని కాదు."

"వెళ్లమని ఎవరన్నారు మేడం" అన్నారు గొలుసుగారు. కాళ్లు ఊపుకుంటూనే, ఒక్కో అంకె నెమ్మదిగా చెప్పసాగారు.