అడగకముందే దోపిన చీటీ

బటన్ల వదిన ఒక్క మధ్యాహ్నం పూట, చేతిలో టీ చల్లారేలోపు, నాలుగు వేల మందిని మాయం చేసిన మనిషి. అదీ కుర్చీలోంచి లేవకుండా, ఎడమచేత్తో. తుఫాన్లు కూడా వచ్చి ఆమె దగ్గర పాఠం నేర్చుకుని పోవాలి.

ఆమె పనిచేసేది చెప్పుల గోదాము పైన, వెబ్‌సైట్లు కట్టే రెండు గదుల ఆఫీసులో. ఏ సైటు తెరిచినా 'కుకీలు పెట్టమంటారా? సరే, వద్దు' అంటూ రెండు బటన్లతో ఒక పెట్టె అడ్డంపడుతుందే, ఆ పెట్టె కట్టడం ఆమె పని. పన్నెండేళ్లలో కట్టినవన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే చందమామ పక్కకి తప్పుకోవాల్సిందే. కుకీ అంటే ఏమిటని ఎవరడిగినా ఒకటే చెప్పేది: "నువ్వు కొట్టుకొస్తే కొట్టువాడు నీ జేబులో ఓ చీటీ దోపుతాడు. మళ్లీ వస్తే ఆ చీటీ చూసి గుర్తుపడతాడు. కొన్ని చీటీలనైతే ఊళ్లో కొట్లన్నీ చదువుతాయి."

ఆ ఆఫీసులో ఏ సైటూ మొదటినుంచి కట్టరు. పాతదాన్ని కాపీ చేసి బొమ్మలూ రాతలూ మారుస్తారు. కింద గోదాము వాళ్ల సైటు లోపలి రాతలో, ప్రకటనల చీటీ దోపే లైనును ఆఫీసు ఓనరు పెట్టె కంటే పైన పెట్టించాడు. అంటే చీటీ ముందు, అడగడం తర్వాత. చెప్పులు చూసి వెళ్లినవాడి వెంట అవే చెప్పులు వారం రోజులు పరిగెత్తేవి. చెప్పులే కదా, ఎవరి సొమ్మేం పోయింది.

ఆ సైటునే కాపీ చేసి వదిన ఇంకొకటి కట్టింది, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు తలదాచుకునే చోటిచ్చే ఆశ్రయానికి. ఓనరు పుణ్యానికని ప్రకటనలు కూడా ఉచితంగా వేయించాడు. బొమ్మలు మారాయి. పైనున్న లైను మారలేదు.

ఆర్నెల్ల తర్వాత ఒక ఉదయం ఆమె చెల్లెలు ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. కుడి మణికట్టుకు పిండికట్టు.

"మెట్ల మీద పడ్డానని మాత్రం చెప్పకు," అంది వదిన. "మీ ఇంట్లో మెట్లే లేవు."

"చెప్పట్లేదక్కా. ఇంట్లో కంప్యూటర్లో ఆశ్రయం వాళ్ల సైటు చూశాను. కుకీలు పెట్టమంటావా అని అడిగింది, వద్దనే నొక్కాను. చూసినవాటి జాబితా కూడా తుడిచేశాను. మర్నాడు ఆయన టైర్ల ధరలు చూస్తుంటే పక్కన వాళ్ల ప్రకటన, ఇంట్లో భయంగా ఉందా అని. ఆ మర్నాడూ అదే. ఎవరికే భయం, అన్నాడు."

"చెయ్యి ఎప్పుడు?"

"అంటూనే."

వదిన ఆ సైటు లోపలి రాత తెరిచింది. ప్రకటనలది మూడో లైను. పెట్టె తొమ్మిదోది. చెల్లెలి వేలు 'వద్దు' దాకా వెళ్లేసరికే చీటీ జేబులో ఉంది.

"ఇది కట్టింది నేనే," అంది.

చెల్లెలు కట్టు అంచు గోకుతూ కూర్చుంది. "వద్దంటే వద్దనేలా కట్టొచ్చుగా అక్కా."

"పద, ఆశ్రయానికి పోదాం."

"ఆ ప్రకటన నొక్కి చోటెక్కడో ఆయన చూసుకున్నాడు. మీ ఇంటికొద్దామంటే ముందు వెతికేది అక్కడే." భోజనాల వేళకు ఇంట్లో లేకపోతే ఊరుకోడని లేచి వెళ్లిపోయింది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, వదిన అప్పుడు మూడో లైను తీసేసింది. సైటుకొచ్చేవాళ్లను లెక్కపెట్టేదీ ఆ లైనే. ఏ సైటుకు ఎంతమంది వచ్చారో చూపే గోడ మీది తెరలో ఆశ్రయం గడి సున్నా అయింది. ఓనరు తన గదిలోంచి వచ్చాడు.

"ఏంటమ్మా, జనమంతా ఏమయ్యారు? ఆశ్రయం వాళ్లకు నేనేం చూపించాలి?"

"ఆ ప్రకటనలు కూడా ఆపండి సార్."

"పుణ్యానికి వేయిస్తున్నానమ్మా."

"మా చెల్లి చెయ్యి విరిగింది సార్, ఆ పుణ్యానికి."

ఆయన లోపలికెళ్లి ఆపేశాడు. చెల్లెలు ఆ తర్వాత ఇంట్లో కంప్యూటర్ ముట్టుకోలేదు. అక్కకు ఫోన్ చేసినా వాతావరణం సంగతులే మాట్లాడుతుంది.

ఆఫీసులో ఈ కథ ఎవరెత్తినా నాలుగు వేల మంది దగ్గరే మొదలుపెడతారు. వదిన తెర మీంచి కళ్లు తిప్పకుండానే దిద్దుతుంది:

"మూడు వందల పన్నెండు మంది. మాయమవలేదు, వాళ్ల జేబుల్లో చీటీలు ఇంకా ఉన్నాయి. నేను తీసింది ఒక్క లైను."