గట్టు వెయ్యని చెలక

నేను గట్టు తగాదాలు వింటూ పెరిగినదాన్ని. కోదాడ అవతల పల్లెలో మా నాన్నకు కాస్తంత నేల ఉండేది. ఆయనకూ మా పెదనాన్నకూ నడుమ ఒక గట్టు. ఏటా తొలకరికి ముందు అన్నదమ్ములిద్దరూ చెరోపక్క నుంచి దాన్ని చెక్కేవారు. చివరికి మేక నడవడానికి కూడా చోటు మిగల్లేదు. మా అమ్మా పెద్దమ్మా పండగపూట కూడా ఒకరింట ఒకరు మంచినీళ్లు ముట్టేవారు కారు. ఇంత చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. గట్టు లేనిది నేలే కాదని గట్టిగా నమ్మేదాన్ని.

పందొమ్మిదివందల నలభైల చివర్లో నన్ను నేరేడుచర్ల దగ్గరి పల్లెకు ఇచ్చారు. మా అత్తగారి వాడలో ఎవరికీ సెంటు భూమి లేదు. తరతరాలుగా అందరూ దొర పొలాల్లోనే వెట్టి, కూలి. నా పెళ్లికి కొంచెం ముందే, దొరల మీద తిరగబడ్డ రైతుకూలీల సంఘానికి భయపడి దొర సూర్యాపేటకు పారిపోయాడు. సంఘంవాళ్లు ఊరి బయటి ఎర్రచెలకను, వానకు పండే ఆయన మెట్టనేలను, ఆ వాడ ఇళ్లకు పంచారు. భూమి వచ్చిన ఇల్లని మా నాన్న మురిసిపోయి పిల్లనిచ్చాడు. లేకపోతే ఆయన నన్ను అంత తేలిగ్గా వదిలే మనిషి కాడు.

కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్త నన్ను చెలకకు తీసుకుపోయింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

"మనది ఏది అత్తా?" అన్నాను.

ఆమె చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పింది. "గదంత."

"అదంతా వాడ మొత్తానిది కదా. మన ఇంటిది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?"

"మునుం పట్టినంక తెలుస్తది తియ్యి" అని నవ్వేసింది.

మునుం అంటే కూలివాళ్ల కొలత. చేను అంచున అందరూ వరసగా నిలబడతారు. ఎవరి చేతులు అందినంత పట్టె వాళ్లది. కలుపు తీసుకుంటూ, లేదా కోసుకుంటూ ఆ చివరకు పోతారు. అక్కడ పక్కకు జరిగి మళ్లీ కొత్త పట్టె పట్టి వస్తారు. పొద్దున ఉన్న చోటు మధ్యాహ్నానికి ఉండదు. పుట్టినప్పటి నుంచీ ఆ వాడ మనుషులకు నేలతో ఉన్న చుట్టరికం అదొక్కటే.

వాడకంతటికీ ఒక్క జత ఎడ్లు, విత్తనం వేసే గొర్రు ఒక్కటి. ఇంటింటికీ ముక్కలు చేసి గట్లు వేస్తే ఎడ్లను తిప్పడానికే సగం పొద్దు పోతుందని, ఆ చివర నుంచి ఈ చివరకు పొడుగు సాళ్లు తోలి జొన్నలు, నడుమ నడుమ కందులు పెట్టారు. గింజలు వచ్చాక ఇంటి లెక్కన పంచుకోవచ్చు అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయనతో పోట్లాడాను. ఆయన నెమ్మదస్తుడు, తల్లి మొహం చూశాడు.

"మీ కోదాడ దిక్కు మన్ను సెక్కుకునే బుద్ధి గీడ పెట్టకు పిల్లా" అంది మా అత్త. వాడంతా నవ్వింది. ఆ పూట నేను అన్నం తినలేదు. ఎవరూ బతిమాలలేదు కూడా. ఆకలేసి నేనే పోయి తిన్నాను.

కలుపుకు దిగినప్పుడు నా చోటు మా అత్త పక్కన. నాకు అవతలి పక్కామెకు నెలలు నిండుతుంటే ఆమె మునుం అటూ ఇటూ ఉన్నవాళ్లం పంచుకునేవాళ్లం. ఎవరి పిల్లయినా ఏడిస్తే దగ్గర్లో ఉన్నామె లేచి ఎత్తుకునేది. దొర పొలంలోలా వెనక కర్ర పట్టుకుని తిరిగే మనిషి లేడు. మా అత్త పాట ఎత్తుకుంటే ఆ చివరన ఉన్న ముసలామె దాకా అందుకునేవారు. మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద అందరి రొట్టెలూ ఒక్కచోట పెట్టేవాళ్లం. మా ఇంటి చింతకాయ తొక్కుకు గిరాకీ ఎక్కువ. జొన్న నా తలను దాటేసరికి గట్టు సంగతే మర్చిపోయాను. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

కంకులు గట్టిపడుతున్నప్పుడు మిలటరీ వచ్చింది. హైదరాబాదులో సర్కారు మారింది. ముందు దొర గుమస్తా ఊళ్లోకి దిగాడు. తరువాత కొన్నాళ్లకు మిర్యాలగూడ నుంచి ఒక అధికారి వస్తున్నాడని చాటింపు వేశారు. ఎవరు దున్నుతున్న భూమి మీద వాళ్లు నిలబడాలి, సారు కళ్లతో చూసి తేలుస్తాడు అని దాని సారాంశం. చూపిస్తే మాకు మిగులుతుంది, లేకుంటే దొరకు పోతుంది.

మా అత్త దాచుకున్న పెళ్లిచీర కట్టింది. అందరూ తలంటుకుని వచ్చారు. ఊరికే చేతులు వేలాడేసుకుని చేనులో నిలబడడం వాళ్లకు సిగ్గు. అందుకని కొడవళ్లు తెచ్చుకున్నారు. జీపు చప్పుడు వినబడగానే, ఎవరూ చెప్పకుండానే, తూర్పు అంచున వరసగా నిలబడ్డారు. మునుం పట్టినట్టే.

అధికారి దిగాడు. గుమస్తా ఆయన నెత్తిన గొడుగు పట్టాడు. "సూసిండ్రా సారూ, కూలోళ్లు. మునుం పట్టి నిలబడ్డరు. భూమిగలోడు ఎవడన్న గిట్ల అంచుకు నిలబడ్తడా?"

అధికారి మా అత్తను అడిగాడు, "నీ భూమి ఏది?"

"ఇదంత మాదే సారూ."

"మీ ఇంటిది చూపించు."

మా అత్త వరసను ఒకసారి చూసింది. "అందరిది సారూ" అంది.

ఆయన విసుగ్గా తల తిప్పుకుని జీపు వైపు నడిచాడు. నాకు కాళ్లు ఆగలేదు. జొన్నలో పడి పరిగెత్తాను. మా ఇంటి వంతు సుమారుగా ఎక్కడ వస్తుందో వచ్చిన కొత్తలో ఎన్నోసార్లు మనసులో కొలుచుకున్నదాన్ని. అక్కడ నిలబడి రెండు చేతులూ పైకెత్తి అరిచాను, "ఇదిగో! ఇది మాది!"

అధికారి ఆగాడు. వెనక్కి వచ్చాడు. వెంట తెచ్చుకున్న కొలిచే మనిషికి సైగ చేస్తే అతను భుజం మీది కొలత గొలుసు దించాడు. గుమస్తా మొహం వాడిపోయింది.

"పిల్లా, ఇటు రా." మా అత్త గొంతు.

"రాను అత్తా! ఆయన కొలిపిస్తున్నాడు!"

"మనం ఒక్కలమే గాడ నిలబడితే, తతిమ్మోళ్లు కూలోళ్లేనని మనమే ఒప్పుకున్నట్టయితది. ఇటు రా బిడ్డా."

జొన్నకర్రల సందుల్లోంచి వరస వైపు చూశాను. మా అత్త పక్కన నా చోటు ఖాళీగా ఉంది. నెలల పిల్లను చంకనేసుకున్న పక్కామె అందులోకి జరగలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. కర్రలు తప్పించుకుంటూ వెనక్కి నడిచాను. గొలుసు మళ్లీ భుజం మీదికి పోయింది.

ఆ పంటను మేమే కోశాం, దొరకు కూలికి. కోత అయ్యేదాకా మా అత్తతో నేను మాట్లాడలేదు. ఆమె సంజాయిషీ చెప్పలేదు. రోజూ నా రొట్టె మీద ఒక ఉల్లిగడ్డ ఎక్కువ పెట్టేది, నేను కోపంగానే తినేదాన్ని.

తరువాత దొర కొడుకులు చెలకను ముక్కలు చేసి అమ్మారు. కాలువ నీళ్లు వచ్చాక అదంతా వరి మడులైంది. ఇప్పుడు అందులో ఒక బియ్యం మిల్లు కూడా ఉంది. వాడ మనుషులు కొందరు మిర్యాలగూడ మిల్లులకు, కొందరు సూర్యాపేట మార్కెట్లో హమాలీ పనికి పోయారు. మా అత్త ఆ పాటలు మరెవరికీ నేర్పకుండానే పోయింది.

మేమూ కష్టపడి కొంత నేల కొన్నాం. పట్టా నా పేరు మీదే ఉంది. నాలుగు పక్కలా గట్లున్నాయి, పక్కవాణ్ణి పిడికెడు మన్ను కూడా చెక్కనివ్వను. గయ్యాళిదని వాడు ఊరంతా చెప్పుకుంటాడు, చెప్పుకోనీ. సాయంత్రాలు పొలం నడుమకు పోయి నిలబడతాను. ఇది ఎవరిదని అడిగేవాడు లేడు. ఎంతసేపు నిలబడినా ఇటు రా అని పిలిచే మనిషీ లేదు. పిలిస్తే ఇదంతా ఇక్కడే వదిలేసి పోతాను.