రాళ్ల చెలక మీద నా ఏడుపు

మా ఇళ్లలో భూమి పంచుకునే పద్ధతి ఒకటుంది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందుగా కోరుకోవాలి. అప్పుడు పంచేవాడు మోసం చేయలేడు. మణుగూరు దగ్గర మా మామగారి భూమిని బావగారు అట్లాగే రెండు చేశారు. ఒక పక్క బావి ఉన్న నల్లరేగడి. ఇంకో పక్క అడవిని ఆనుకుని రాళ్ల చెలక. పంట సరిగా రాదని దాన్ని కాస్త పెద్దదిగానే ఉంచారు. మా ఆయన చిన్నవాడు. ముందు రోజే నేను చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను కాబట్టి రేగడి కోరుకున్నారు. బావగారి భార్య, అంటే నా యారాలు, ముఖం ముడుచుకుంది. నేను ఆ పూట పాయసం వండాను.

నాలుగు పంటలు తీశామో లేదో, బొగ్గు గనులు పెరిగాయి, వాటికో కాలనీ కావలసి వచ్చింది. సర్వేవాళ్లకు చదునైన నేల కావాలి, నీళ్లు కావాలి. మా రేగడి తీసుకున్నారు. రాళ్ల చెలక వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పరిహారం చేతిలో పట్టుకుని పినపాక వైపు భూమి కోసం తిరిగేలోపే అక్కడా ధరలు పెరిగిపోయాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి కదా, అది కాస్తా కరిగింది. చివరికి మా ఆయనకు కాలనీ పార్కులో మాలీ పని దొరికింది. మా మిరప చేను ఉన్న చోటే గడ్డికి నీళ్లు పెట్టేవారు. గొడ్డు కూడా తినని గడ్డికి!

ఆ కాలనీ గేటు ఎక్కడ పెట్టారనుకున్నారు? సరిగ్గా రాళ్ల చెలక ఎదురుగా. బావగారు రేకుల గదులు వేశారు. టీ కొట్టు, సైకిల్ షాపు, ఒక సాయిబు గారి టైలర్ షాపు, అన్నీ కిరాయికి దిగాయి. యారాలి మెడలోకి కొత్త గొలుసు వచ్చింది. నాకు కడుపు మండింది. అయినా గొలుసును ఓర్చుకున్నాను. గదుల వెనక ఆమె వేసుకున్న కూరగాయల మళ్లను మాత్రం ఓర్చుకోలేకపోయాను. సంచీలో బీరకాయలు తెచ్చి, "మన భూమిల కాసినయే, తిను చెల్లె" అనేది. మన భూమి అట! నేను సంతలో కొనుక్కుంటున్నాను. కూర బాగుండేది, అదింకో మంట.

ఒక వానాకాలం ఉండబట్టలేక అనేశాను.

"అక్కా, మట్టిల చెయ్యి పెట్టక ఏండ్లయింది. నాకింత జాగ ఉంటే ఎంత బాగుండు."

"దడి పక్కపొంటి ఖాళీగనే ఉంది, నువ్వు పెట్టుకో. కిరాయి ఏం తీస్కోను లే" అని నవ్వింది.

ఆ నవ్వుకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. చచ్చినా పోకూడదనుకున్నాను. తెల్లవారేసరికి గడ్డపార పట్టుకుని అక్కడే ఉన్నాను. మొదటి పోటుకే రాయి తగిలి ఖంగుమంది. రెండో పోటుకూ అంతే. పక్క మడిలో యారాలు మెత్తటి మట్టిలో వేళ్లు దించి కలుపు తీస్తోంది.

"నీ మడి గంత మెత్తగ ఎట్లయింది అక్కా?"

"ఎట్లయితది? మీరు మిరపకాయలు ఏరుకుంటుంటే నేను రాళ్లేరిన. సూడు" అంటూ అరచేతులు చాచింది. కాయలు కాసి, గీరుకుపోయి ఉన్నాయి.

ఎవరికైనా జాలి కలగాలి. నాకు అప్పుడూ కుళ్లే పుట్టింది. ఏరుకోవడానికి ఆమెకు రాళ్లన్నా మిగిలాయి.